చిత్రకారుడు తెలియదట!

విఘ్నాలను తొలగించేవాడవని నిన్ను తొలుత తలుస్తారు, ఏనుగు మోము దేవరా! తొలగించగలవాడికి వాటిని అడ్డం పెట్టే అధికారమూ ఉంటుందని పెద్దలు చెప్పగా విన్నాను. ఈ కథలోని కుటుంబానికి ఒక్క దినంలో నీవు ప్రసాదించిన అడ్డంకులను తలచుకుంటే నీ మీద భక్తి తగ్గదు గాని, నిట్టూర్పు మాత్రం ఆగదు స్వామీ. పుట్టిన శిరస్సు ఒకటీ, అమరిన శిరస్సు మరొకటీ అయినవాడవు. మొహాలొకచోటా, మేనులొకచోటా చెల్లాచెదురైన ఈ ఫోటోల వృత్తాంతం నీకు అర్థమైనంతగా మరెవరికి అర్థమవుతుంది? కనుక నీకే మొదట నమస్కరించి మొదలుపెడుతున్నాను.

తల్లికి ఎనభై రెండేళ్లు. చెవులు సగం పనిచేస్తాయి; ఆ సగమైనా ఆమెకు ఇష్టమైనప్పుడే. అయినా ఆ ఉదయం కూతురు చదివి వినిపించిన ఆహ్వానపత్రికలో ఒక పంక్తి మాత్రం అక్షరం పొల్లుపోకుండా వినబడింది.

ఊరి చివరి వినోదోద్యానానికి యాభై ఏళ్లు నిండాయి. తొలినాళ్లలో అక్కడికి వెళ్లి ఫోటోలు దిగిన కుటుంబాలవారిని అడిగి, పాత ఫోటోలు పోగుచేసి ప్రదర్శన పెడుతున్నారు. దాని నడిమధ్య, ఆ కాలం నుంచి మిగిలిన ఒకే ఒక్క ‘మొహాల బల్ల’ను బాగుచేయించి నిలబెడతారట. మొహాల బల్ల అంటే మరేమీ కాదు. నిలువెత్తు ప్లైవుడ్ చెక్క మీద రథమో, రాక్షసుడో, మత్స్యకన్యో గీసి, మొహం ఉండవలసిన చోట గుండ్రంగా కోస్తారు. వెనక నుంచి మనం మొహం ఆనిస్తే ముందు నుంచి ఫోటో తీస్తారు. పత్రికలో ఆ బల్ల బొమ్మ వేసి, దాని కింద ఇలా అచ్చొత్తించారు: ‘గుర్రాల రథం. చిత్రకారుడు తెలియదు.’

“తెలియదా?” అంది తల్లి. “ఎవరికి తెలియదూ? పన్నెండేళ్లు ఆయన చొక్కాలకి అంటిన రంగు ఉతికింది నేనా, ఈ పత్రిక వేసినవాళ్లా?”

ఆ బల్లలన్నీ ఆమె భర్త వేసినవే. ఉద్యానం తెరిచిన నాటి నుంచి పన్నెండేళ్లు అక్కడ పనిచేశాడు. అందరూ ‘రంగులాయన’ అనే పిలిచేవారు. అసలు పేరు అడిగినవాడు లేడు. ఆయన పోయి ఇరవై రెండేళ్లయింది. పాత కాగితాలు చెదల పాలయ్యాయి. ఇక ఆయన పని కళ్లారా చూసి, ఆ పేరూ తెలిసినవారు ఈ భూమి మీద ముగ్గురే: భార్య, కూతురు, కొడుకు. తాను కళ్లు మూసేలోగా ఆ పేరు ఆ చెక్క మీద చూసుకోవాలని తల్లి పట్టు. ఆమె పట్టు పడితే ఉడుంపట్టు.

కూతురు ఉద్యానానికి ఫోన్ చేసింది. ప్రదర్శన బాధ్యత చూసే అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. “తప్పకుండా పేరు వేస్తామండీ. ఆయన బల్ల దగ్గర పని చేస్తూ కనబడే పాత ఫోటో ఒక్కటి తెండి చాలు. కానీ ఇవాళ సాయంత్రం ఐదులోపే. రేపు పొద్దున్నే వార్నిష్ కొట్టేస్తారు. ఆపైన దాని మీద అక్షరం ఎక్కదు.”

“ఒక్కటేం ఖర్మ? నలభై ఉన్నాయి!” అంది తల్లి. అప్పటికే చెప్పులు తొడుక్కుంటోంది.

నలభై ఉన్న మాట నిజమే. రంగులాయనకు ఒక పద్ధతి ఉండేది. కొత్త బల్ల తయారైనప్పుడల్లా, జనం ముందు పెట్టకమునుపు, భార్యాబిడ్డలను రప్పించి రంధ్రాల్లో మొహాలు పెట్టించేవాడు. ఉద్యానం ఫోటోగ్రాఫరు పరీక్షగా ఒక ఫోటో తీసేవాడు. రాక్షసుడికి గడ్డం ఎక్కువై మెడ తక్కువైందా, మత్స్యకన్యకు నుదురు మాత్రమే కనబడుతోందా అని ఆ ఫోటో చూసి, రంధ్రం పెంచడమో జరపడమో చేసేవాడు. బల్ల పక్కనే సుద్దముక్క పట్టుకుని నిలబడేవాడు గనుక ప్రతి ఫోటోలోనూ అంచున ఆయనా పడేవాడు. ఆ ఇంట్లో ఎవరికీ వేరే ఫోటోలు లేవు. పిల్లల బాల్యమంతా ఎలుగుబంటి దేహంతోనూ, రాక్షసుడి భుజాలతోనూ గడిచింది.

ఆ ఫోటోలు కొడుకు దగ్గర ఉన్నాయి. అతను బీమా ఆఫీసులో ముప్పై ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడు. బంధువులందరిలో అతని పేరు ‘పద్ధతి’. నోరు తెరిస్తే వచ్చే మొదటి మాట అదే కావడం దానికి కారణం.

తల్లిని ముందుగదిలో కూర్చోబెట్టి, కూతురు అన్నగారి బీరువా ముందు నిలబడింది. అతను తెల్లని గుడ్డలో చుట్టిన ఆల్బం తీసి, బల్ల మీద పెట్టి, గుడ్డ నాలుగు మడతలు పెట్టి, ఆ మడత సరిచేసి, అప్పుడు ఆల్బం తెరిచాడు. నల్లని అట్టల మీద మొహాలు ఉన్నాయి. వరసకు మూడు చొప్పున, కోడిగుడ్డు ఆకారంలో కత్తిరించిన మొహాలు. అంతే ఉన్నాయి.

“అన్నయ్యా, ఇదేమిటి?”

“ఆల్బం.”

“అది కనబడుతూనే ఉంది. ఫోటోలేవీ?”

“అవేగా ఫోటోలు! ఎడమ పక్క నువ్వు, కుడి పక్క నేను, మధ్యలో అమ్మ. ఏ ఏడాదివి ఆ ఏడాదివి. ఎంత పద్ధతిగా ఉందో చూడు.”

“మరి మెడ కింద?”

“మెడ కింద ఏముందే? ఎలుగుబంటీ, రాక్షసుడూ. అవి మనవి కావుగా.”

“పక్కన నాన్న ఉండేవాడు కదా!”

అతను కళ్లజోడు తీసి తుడిచాడు. “నాన్న మొహం ఒక్కదాంట్లోనూ సరిగ్గా పడలేదు. ఎప్పుడూ ఇటు తిరిగో అటు కదిలో ఉండేవాడు. చెదిరిన మొహాలు ఆల్బంలో పెట్టడం...”

“పద్ధతి కాదు,” అని అతని భార్య వంటింట్లోంచి వాక్యం పూర్తి చేసింది.

“కత్తిరించగా మిగిలిన ముక్కలేం చేశావు?”

“పారేశాను. ముప్పై ఏళ్లయింది.”

“ఆ కత్తెర మాత్రం భద్రంగా ఉంది,” అంది వదిన గుమ్మంలోకి వచ్చి. “కావాలంటే అది పట్టుకెళ్లి చూపించండి.”

కూతురికి అరవాలో ఏడవాలో తెలియలేదు. తండ్రి జీవితకాలమంతా బొమ్మలు గీసి మొహాలకు చోటు వదిలాడు. కొడుకు ఆ మొహాలను ఉంచుకుని బొమ్మలను, వాటితోపాటు తండ్రినీ చెత్తబుట్టకు అప్పగించాడు. ఇంత కష్టపడి ఇంత నష్టం తెచ్చుకోవడం ఆ వంశానికే చెల్లింది.

ముందుగదిలో తల్లికి ఆ సగం చెవులూ సరిగ్గా అప్పుడే పనిచేశాయి. ఆల్బం తెప్పించుకుని అట్టలు ఒక్కొక్కటీ తిప్పింది. చివరి అట్ట కూడా చూసి ఆల్బం మూసింది. తరువాత అంది: “ఒరే, మీ నాన్న చెక్కకి చిల్లులు పెట్టాడు. నువ్వు మీ నాన్నకే చిల్లు పెట్టావు. లే, చొక్కా వేసుకో. ఆ అమ్మాయికి నువ్వే చెప్పుకుందువుగాని.”

ఉద్యానం కార్యాలయం చేరేసరికి ఒంటిగంట దాటింది. ప్రదర్శన చూసే అమ్మాయి చుట్టూ అట్టపెట్టెలు, చట్రాలు, మేకులు, తెగిన తీగలు. రెండు ఫోన్లు ఒకదాని తరువాత ఒకటి మోగుతున్నాయి. ఆల్బం తెరిచి, మరో పేజీ తిప్పి, మళ్లీ మొదటి పేజీకి వచ్చింది.

“ఇవన్నీ తలకాయలే కదండీ?”

“మొండేలు మావాడు పారేశాడు,” అంది తల్లి.

“మరి... ఆయనేరీ?”

“మొండేలతోపాటు పోయాడమ్మా.”

ఆ అమ్మాయి ఆమె కొడుకు వంక చూసింది. అతను గోడ మీది గడియారం వంక చూశాడు.

“చూడండి మామ్మగారూ, నాకు మీ మాట మీద నమ్మకం లేక కాదు. నిన్న ఇంకొకాయన వచ్చి రంగులరాట్నం కనిపెట్టింది మా తాతేనన్నాడు. మొన్న ఒకావిడ ఈ స్థలమే వాళ్లదంది. అందుకే పైవాళ్లు ఫోటో ఉంటేనే పేరు అన్నారు. నేనేం చేసేది?”

కూతురికి అప్పుడొక ఆలోచన తట్టింది. “మా ఫోటోలు పోతే పోయాయి. ఊళ్లోవాళ్లు ఇచ్చినవి మీ దగ్గరున్నాయిగా? వాటిల్లో ఎక్కడో ఒకచోట మా నాన్న ఉండకపోతాడా?”

“నాలుగు పెట్టెలున్నాయి. మూడొందల పైమాటే. ఏ వరసలోనూ లేవు. వెతుక్కుంటానంటే నాకేం అభ్యంతరం లేదు, ఆ మూల బల్ల ఖాళీ చేసుకోండి.”

ఏ వరసలోనూ లేవన్న మాటకు పద్ధతి ప్రాణం లేచివచ్చింది. చొక్కా చేతులు పైకి మడిచి బల్ల ముందు కూర్చున్నాడు. రాట్నాలొక పక్క, బొమ్మరైలొక పక్క, పడవలొక పక్క, మొహాల బల్లలొక పక్క. గంటన్నరలో నాలుగు పెట్టెలూ నాలుగు కుప్పలయ్యాయి. ఆ మాత్రం మేలు అతని వల్ల జరిగిందని ఒప్పుకోక తప్పదు.

గోధుమరంగుకు తిరిగిన ఫోటోలు. రంపపు పళ్లలా కోసిన తెల్లని అంచులు. వెనక పెన్సిలుతో రాసిన తేదీలు. సెలవురోజు బట్టల్లో కుటుంబాలు: బొమ్మరైల్లో మోకాళ్లు గడ్డానికి తగిలేట్టు ఇరుక్కున్న తండ్రులు, నెత్తిన ఎండ పడకుండా చేతిసంచి పట్టుకున్న తల్లులు, రాట్నం ఎక్కనని నేల మీద పొర్లుతున్న బిడ్డలు. మత్స్యకన్య మెడ మీద కళ్లజోడు తాతగారి గంభీర వదనం. రథం మీద నలుగురు అన్నదమ్ములు, నలుగురికీ ఒకే నవ్వు. ప్రతి బల్లా రంగులాయనదే. ఆ నాలుగో కుప్పలో తొంభై ఆరు ఫోటోలున్నాయి. ఒక్కదానిలోనూ ఆయన లేడు.

ఉండడు కూడా. ఇంటివారికి పక్కన నిలబడేవాడు గాని, పైవారు డబ్బిచ్చి ఫోటో తీయించుకుంటున్నప్పుడు అడ్డం రాకూడదని తప్పుకునేవాడు. ఈ సంగతి కూతురికి తొంభై ఆరూ చూశాక గుర్తొచ్చింది. మనకు గుర్తు రావలసినవి ఆ వేళకే వస్తాయి.

మూడున్నర. “నువ్వు కత్తిరించకపోతే ఈ బాధే లేదు,” అంది కూతురు, నూరోసారి.

“అవును, కత్తిరించాను!” అతని గొంతు పెరిగింది. అందరూ తలెత్తారు. “మా పెళ్లైన కొత్తలో మా మామగారు ఆల్బం చూస్తానన్నారు. మొదటి ఫోటోలో నేను చేపతోక మీద కూర్చుని ఉన్నాను. మత్స్యకన్యని! వాళ్లింటిల్లిపాదీ నవ్వారు. మా బావమరిది ఇప్పటికీ నన్ను ‘చేప బావ’ అంటాడు. పెద్ద ఆఫీసులో పనిచేసేవాణ్ని, నాకూ అందరిలాగా ఓ మామూలు ఫోటో ఉండాలనిపించింది. తప్పా?” చేతిలోని ఫోటోను దాని కుప్పలో సర్దుతూ మెల్లగా అన్నాడు: “నాన్న పోయాక చూసుకుంటే తెలిసింది, ఆయనది ఒక్కటీ మిగలలేదని. ఎవరికీ చెప్పలేదు.”

తల్లి వినలేదో, విననట్టుందో తెలియదు. ఆమె నాలుగో కుప్పలోంచి చేతికందిన ఫోటోను కంటికి జానెడు దూరంలో పెట్టుకుని చూస్తోంది. మొహాలున్న పైభాగం కాదు, కింది అంచు.

“ఇటు రారా. ఇవేమిటి?”

బల్ల రెండు గుంజల మీద నేలకు మూరెడు ఎత్తున నిలిచింది. దాని కింద, రథాశ్వాల డెక్కలకు దిగువన, గడ్డిలో రెండు పాదాలు. పైన రంధ్రంలో ఉన్నదేమో అయిదేళ్ల పిల్ల మొహం.

“మొదట్లో మెట్టు కట్టలేదు,” అంది తల్లి. “పొట్టి పిల్లలకి కన్నం అందేది కాదు. ఈయన వెనక నిలబడి ఎత్తి పట్టుకునేవాడు. పొద్దస్తమానం ఊరందరి పిల్లల్నీ ఎత్తి, ఇంటికొచ్చి నడుమనేవాడు. ఇవి ఆయన పాదాలే. చెప్పులకి రంగంటుతుందని విప్పేసేవాడు మహానుభావుడు! ఆ కాళ్లతోనే ఇంట్లోకి వచ్చేవాడు. గుమ్మం నుంచి పడకగది దాకా అచ్చులు. పన్నెండేళ్లు గీకాను. నాకు తెలియవూ ఈ పాదాలు?”

ఇక వెతకడం సులువైంది. పైన ఉన్నది పిల్ల మొహమైతే కింద ఆ పాదాలుండేవి. ముప్పై ఒక్క ఫోటోల్లో దొరికాయి: ఎలుగుబంటి కింద, రాక్షసుడి కింద, రథం కింద. ఒకే పాదాలు, మడమలు కొద్దిగా పైకి లేచి, మునివేళ్ల మీద బరువు మోస్తూ. ముప్పై ఒక్క కుటుంబాలు యాభై ఏళ్లుగా ఆయనను ఆల్బంలో దాచుకున్నాయి. సొంత కొడుకు ఒక్కడే దాచుకోలేదు.

ప్రదర్శన అమ్మాయిని పిలిచారు. ఆమె భూతద్దం తెచ్చి చూసింది. “పాదాలే. కానీ ఆయనవని ఎట్లా తెలుస్తుంది? పాదాలకి పేరుండదు కదండీ. నేను పైవాళ్లకి ఏం చెప్పను?”

“ఎడమ కాలు చూడవే తల్లీ. చిటికెనవేలు పక్కవేలి మీదికి ఎక్కి కూర్చుందా లేదా?”

భూతద్దంలో చూస్తే ఎక్కే కూర్చుంది. ముప్పై ఒక్కింటిలోనూ.

“ఎక్కింది. అయితే?”

తల్లి కొడుకు వైపు తిరిగింది. “బూటు విప్పరా.”

“అమ్మా! ఇది ఆఫీసు!”

“విప్పు.”

“నలుగురిలో కాళ్లు చూపించడం...”

“పద్ధతి కాదని అన్నావంటే చూడు!”

అరవై దాటిన మనిషి, మెడ కింద ఏదీ లోకానికి కనబడకూడదని ముప్పై ఏళ్ల కింద కత్తెర పట్టినవాడు, కుర్చీ మీద కూర్చుని ఎడమ బూటు విప్పాడు. మేజోడు తీసి, దాన్ని రెండు మడతలు పెట్టి జేబులో ఉంచుకున్నాడు. పాదం ఎత్తి అట్టపెట్టె మీద పెట్టాడు. చిటికెనవేలు పక్కవేలి మీద హాయిగా కూర్చుని ఉంది. అమ్మాయి ఫోటో చూసింది, పాదం చూసింది, మళ్లీ ఫోటో చూసింది. పాపం, రెండు ఫోన్లూ మోగుతున్నా తీయలేదు.

“సరే, ఆయనే అనుకుందాం. పిల్లల్ని ఎత్తాడు. కానీ బొమ్మ వేసింది కూడా ఆయనేనని...”

“రామరామ!” అంది కూతురు.

అప్పటిదాకా పక్కగదిలో రథానికి రంగులు సరిచేస్తున్న పెయింటరు ఈ గోల విని, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఫోటోలు ఒక్కొక్కటీ తిరగేసి ఒకటి పైకి తీశాడు. “మేడమ్, ఇది చూశారా? రథం వెనక చక్రానికి రంగే లేదు. సుద్దగీతలే. తెరిచిన రోజు తీసినట్టుంది, పని అవకముందే జనం వచ్చేశారు. ఆ పాదాల మధ్య ఏముందో చూడండి.”

పాదాల మధ్య రంగుడబ్బా ఉంది. దాని మీద అడ్డంగా కుంచె, రంగు కారుతూ.

“నాకు వారం నుంచీ అర్థం కావట్లేదు. రథమంతా మూడు పూతలుంటే ఆ చక్రానికి ఒక్కటే ఉందేమిటా అని. కుంచె దించి పిల్లని ఎత్తి, దించి మళ్లీ కుంచె ఎత్తి... అలా వేశాడన్నమాట. పిల్లల్ని ఎత్తేవాడు వేరూ, బొమ్మ వేసేవాడు వేరూ అయితే డబ్బా ఆ కాళ్ల మధ్య ఎందుకుంటుంది?”

ప్రదర్శన అమ్మాయి కుర్చీలో వెనక్కి వాలింది. “మామ్మగారూ, నిబంధనలో చిత్రకారుడు ఫోటోలో కనబడాలి అని ఉంది. ఇక్కడ మోకాళ్ల కింద మాత్రమే ఉన్నాడు. పావు మనిషికి పావు పేరు వేయమంటారా?”

“ముందు పావు వెయ్యి. మిగతా ముప్పావూ అయ్యేదాకా నేనిక్కడే కూర్చుంటాను.”

అమ్మాయి నవ్వింది. ఉదయం నుంచి ఆ గదిలో ఎవరైనా నవ్వడం అదే మొదలు. గడియారం అయిదుకు పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఆమె కాగితం మీద ‘చిత్రకారుడు తెలియదు’ అన్న పంక్తిని కొట్టేసి, కలం కొడుకు చేతికిచ్చింది. “పేరు మీరు రాయండి. తప్పు పోతే మళ్లీ మీ అమ్మగారితో నేను పడలేను.”

అతను ఇంటిపేరుతో సహా రాశాడు. ఒంటికాలి బూటుతోనే పక్కగదికి నడిచి, ఆ కాగితం పెయింటరుకు అందించాడు. రథం కింద కుడిమూలన, తెల్లరంగుతో పేరు ఎక్కడానికి పావుగంట పట్టింది. తల్లి అంతసేపూ పక్కనే నిలబడి, “ఆ రెండో అక్షరం కాస్త లావైంది” అనీ, “ఎండిందాకా ఎవర్నీ తాకనివ్వకు” అనీ పెయింటరు ప్రాణం తీసింది. అంత కిందున్న పేరు కంటికి ఆనక నేల మీద చతికిలబడి చదువుకుంది. రెండుసార్లు చదువుకుంది. భర్త బతికుండగా పెద్దలెదుట ఆమె ఏనాడూ పలకని ఆ పేరును మూడోసారి పైకే చదివింది.

లేవడానికి ఇద్దరు పిల్లలూ చెరో చేయీ పట్టుకోవలసి వచ్చింది.

“నడుము పట్టేసింది,” అంది. “ఇంత కింద రాయించుకున్నాడు మహానుభావుడు. పదండి, ఆకలేస్తోంది. ఒరే, ముందు ఆ బూటు తొడుక్కో, చూడలేకుండా ఉన్నాం.”

ఈ వృత్తాంతం చదివినవారికీ, ఎవరైనా చదవగా విన్నవారికీ, మధ్యలో విసుగు పుట్టి లేచిపోయినవారికీ కూడా భగవంతుడు ఆయురారోగ్యాలు ప్రసాదించుగాక. ఇతరుల బిడ్డలను ఎత్తి వెలుగులో నిలిపి తాము తెర వెనక నిలిచినవారి పేర్లు ఎక్కడో ఒకచోట చెరగకుండా ఉండుగాక. ఇళ్లలో పద్ధతి వర్ధిల్లుగాక. కత్తెరలు మాత్రం మొద్దుబారుగాక. శుభమస్తు.